మైకు ముందు కాగితం చప్పుడు

రాన్సమ్ స్టిడమ్‌కు అక్షరం ముక్క రాదన్న సంగతి క్లించ్ నది పొడవునా ఒక్క డెల్ఫా హిల్టన్‌కే తెలుసు. మిగతా లోకానికి తెలిసింది దానికి సరిగ్గా తలకిందులు. ఆదివారం తప్ప ప్రతిరోజూ పొద్దున్న ఐదూ ముప్పావుకు, కొట్టాల్లో పాలు పితికేవాళ్ళు రేడియో తిప్పే వేళకు, అతడు మైకు ముందు నిలబడి శ్రోతల ఉత్తరాలు చదివేవాడు. ముందు కవరు చింపిన చప్పుడు. తర్వాత మడత విప్పిన కాగితం గరగర. ఆపైన చిన్న దగ్గు, కళ్ళజోడు సర్దుకుంటున్నాడని శ్రోత ఊహించుకోవడానికి సరిపడా విరామం. అప్పుడు ఆ గొంతు: "ఇదిగో, బఫెలో హాలో నుంచి ఒక తల్లి రాసింది. చేతులు వణుకుతున్నట్టున్నాయి పాపం, అక్షరాలు వంకర పోయాయి."

చేతిలో ఉన్నది కోడిపిల్లల కంపెనీ కరపత్రం. కొన్ని రోజులు దాన్ని అతడు తలకిందులుగా పట్టుకునేవాడు కూడా. కళ్ళజోడు అసలు లేదు.

పద్ధతి ఇది. ఐదింటికల్లా డెల్ఫా రేడియో స్టేషను వెనక గదిలో ఆనాటి ఉత్తరాలు అతడికి చదివి వినిపించేది. చిన్నదైతే ఒకసారి, పెద్దదైతే రెండుసార్లు. రాన్సమ్ కళ్ళు మూసుకుని, బొటనవేలితో మోకాలి మీద తాళం వేస్తూ వినేవాడు. ముప్పావు గంట తర్వాత అవే ఉత్తరాలు అతడి నోట పొల్లు పోకుండా వచ్చేవి, పైగా అతడి సొంత సరుకు కలుపుకుని వచ్చేవి. చెవితో విన్న నాలుగు వందల పాటలు ఆ తలలో ఉన్నాయి. డెల్ఫా అతడిలో వెక్కిరించకుండా వదిలిపెట్టిన వస్తువు ఆ జ్ఞాపకశక్తి ఒక్కటే.

జనం అతణ్ణి 'రాన్సమ్ మామయ్య' అనేవారు. డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు కూడా యాభై ఏడేళ్ళ ఆ మనిషిని మామయ్యా అని పిలిచి, దుప్పట్లు కుట్టి పంపేవారు. అవి ఇరవై ఆరు పోగయ్యాయి. కారు ఇంజను చలికి బిగుసుకుపోకుండా వాటిలో రెండు కప్పేవాడు.

అతడి జీవితచరిత్ర డెల్ఫాయే రాసింది. టపాలో అమ్ముడయ్యే పాటల పుస్తకంలో మొదటి నాలుగు పేజీలు దానివే. ఆ పేజీల ప్రకారం రాన్సమ్ మంచు కురిసే రాత్రి దుంగల గుడిసెలో పుట్టాడు. తండ్రి ప్రాణం పోతూ పోతూ తన మాండలిన్ ఆ పసివాడి చేతుల్లో పెట్టాడు. తల్లి ఒడిలో బైబిలు చదువుతూ అక్షరాలు నేర్చాడు. పద్నాలుగో ఏట, తోక గలగలలాడించే పదకొండు ఉంగరాల గిలకపామును ఒట్టి చేతులతో చంపి, దాని తోక గిలకను మాండలిన్ పొట్టలో వేసుకున్నాడు, అందుకే ఆ వాయిద్యానికి అంత నాదం.

వాస్తవానికి అతడు పుట్టింది రైలు జంక్షను పక్కన, తండ్రి మంగలి దుకాణం మీది మేడలో. మాండలిన్ క్యాటలాగు చూసి తెప్పించుకున్నది. ప్రాణం పోయిన తండ్రి ఇప్పటికీ శనివారాలు ఆ దుకాణంలోనే చెకర్స్ పావులు జరుపుకుంటూ, పుస్తకం కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా "ఈసారి నేను ఏ జబ్బుతో పోయాను?" అని అడిగేవాడు. గిలక ఒక పెట్రోలు బంకులో గాజు జాడీలోంచి ఏరుకున్నది. చదువు మాత్రం రెండో తరగతిలోనే ఆగిపోయింది. అక్షరాలు కుదురుగా నిలబడటం లేదని పిల్లవాడు చెబితే మాస్టారు బెత్తంతో నిలబెట్టబోయాడు. ఈ ఒక్క సంగతి రాన్సమ్ చెప్పిన రోజున డెల్ఫా నవ్వలేదు. అతడు తనంతట తాను చెప్పిన నిజం అదొక్కటే కావడం, అదే పుస్తకంలోకి రాకపోవడం కూడా ఆమె గమనించకపోలేదు.

వృత్తిజీవితం అంతకంటే పెద్దదేమీ కాదు. ఒక స్టేషను చుట్టుపక్కల బడులన్నిటిలో కచేరీలు చేసేశాక, జనం అవే జోకులకు నవ్వడం మానేశాక, సామాను కారెక్కించి ఇంకో స్టేషనుకు పోవడమే. ఇది పద్నాలుగోది. కౌబాయ్ పాటలకు గిరాకీ ఉన్న రోజుల్లో, పశువుల మందను బొమ్మలో తప్ప చూడని ఈ కొండల మధ్య అతడు ముళ్ళ బూట్లు వేసుకు తిరిగాడు. ఇప్పుడు తీగవాయిద్యాలు జోరుగా పరిగెత్తే సంగీతానికి బ్లూగ్రాస్ అన్న పేరు జనం నోళ్ళలో పడింది గనక, పుట్టినప్పటి నుంచీ తాను వాయించింది అదేనంటున్నాడు. వేగంగా వాయించడం మాత్రం బ్యాంజో వాయించే డెన్వర్ పని. అతడి వేళ్ళు పరిగెడుతుంటే రాన్సమ్ మైకు దగ్గరికి జరిగి, "అదీ, అలా వాయించమని నేర్పాను" అనేవాడు.

'స్టోనీ లిక్ బాయ్స్' అన్న ఆ బృందంలో డెల్ఫా పదకొండేళ్ళుగా ఉంది. నలభై ఒక్క ఏళ్ళ ఆడమనిషి 'బాయ్స్'లో ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఆమె వాయించేది నిలువెత్తు బేస్ ఫిడేలు. బేస్ వాయించేవాళ్ళే వెకిలి వేషం కూడా వేయాలన్నది ఇలాంటి బృందాల్లో ఆనవాయితీ. అందుకని ఆమె కచేరీల్లో పన్నుకు మసి పూసుకుని, మగవాళ్ళ బూట్లు తొడుక్కుని 'గుమ్మడి అత్త' అయ్యేది. రేడియోలో మసి అక్కర్లేదు. కీచు గొంతు చాలు.

ఆ ఏడు, అంటే 1953 మార్చిలో, ఆమె చిన్న పరీక్ష చేసింది. రాన్సమ్ కాఫీకి వెళ్ళినప్పుడు మాండలిన్‌లోంచి గిలక తీసేసి, రెండు ఎండు చిక్కుడు గింజలు వేసింది. మర్నాడు అతడు మాండలిన్ ఒకసారి కదిపి, మైకులో, "వింటున్నారా? ఈ వేళ పాము మంచి ఊపు మీద ఉంది" అన్నాడు. వారం గడిచాక ఆమె డెన్వర్‌కు అసలు సంగతి చెప్పింది. డెన్వర్ చాలాసేపు ఆలోచించాడు.

"అయితే చిక్కుడు గింజల్లో కూడా ఏదో ఉందన్నమాట," అన్నాడు.

ఆమె ఆ గింజలను అలాగే వదిలేసింది.

కార్యక్రమానికి పెట్టుబడి గోల్డెన్ రిడ్జ్ టానిక్ వాళ్ళది. నాక్స్‌విల్ నుంచి వచ్చే వాళ్ళ మనిషి పెండర్‌గ్రాస్, రెండు రంగుల బూట్ల పెద్దమనిషి, ఉత్తరాలు లెక్కపెట్టుకుని సంచిలో వేసుకుపోయేవాడు. డెల్ఫా ఒకసారి చెంచాడు టానిక్‌ను పొయ్యి మీద ఇగరబెట్టి చూసింది. సారా వాసన పైకి పోయాక అడుగున మాడిన పాకం మరక మిగిలింది. సారా దుకాణాలు నిషేధించిన జిల్లాల్లో, మద్యం పేరెత్తితే చెవులు మూసుకునే చర్చి ఆడవాళ్ళకు, ఆ మందు ఎందుకంత హుషారిస్తుందో ఆమెకు అర్థమైంది.

సెప్టెంబరు మొదట్లో రస్సెల్ కౌంటీ నుంచి షుగరు జబ్బున్న ఒకావిడ ఉత్తరం రాసింది. టానిక్ పుచ్చుకున్నాక నీరసం కాస్త తగ్గినట్టుంది అని. అంతే రాసింది. డెల్ఫా అంతే చదివింది. రాన్సమ్ మైకు ముందు కరపత్రం గరగరలాడించి, ఆ రెండు వాక్యాలూ చెప్పి, అక్కడ ఆగలేకపోయాడు.

"డాక్టరు ఇచ్చిన సూది ఉంది చూశారూ, దాన్ని పట్టుకెళ్ళి కంచె అవతలికి విసిరేసిందట, నా చెల్లెలు!"

అలాంటి చోట గుమ్మడి అత్త ఏదో ఒకటి అనాలి. డెల్ఫా అంది: "విసిరేయడమెందుకు మామయ్యా, నాకిస్తే మా ఆయన మేజోళ్ళు కుట్టుకునేదాన్ని కదా!"

డెన్వర్ పడీ పడీ నవ్వాడు. పాట మొదలైంది.

డెల్ఫా వారమంతా ఊళ్ళో అద్దె గదిలో ఉండేది. శనివారం కచేరీ ముగించుకుని, ఆదివారం ఎనిమిది మైళ్ళ దూరంలో కొండల నడుమ ఇరుకు లోయకు, అక్కడివాళ్ళు హాలో అనేదానికి, తల్లి లుటీషా దగ్గరికి వెళ్ళేది. లుటీషాకు అరవై తొమ్మిది. నాలుగేళ్ళుగా షుగరు. డాక్టర్ కెగ్లీ ఇచ్చిన ఇన్సులిన్ సీసాలు ఊటనీళ్ళ చల్లగదిలో పెట్టుకుని, రోజూ పొద్దున్నే గాజు సిరంజి మరగబెట్టి, తొడలో తానే పొడుచుకునేది. ఆ నెల మూడో ఆదివారం డెల్ఫా వెళ్ళేసరికి ముసలమ్మ కుర్చీ పక్కన, మాటిమాటికీ ముంచుకు తాగడానికి, నీళ్ళ బకెట్టు ఉంది. ఎడమ పాదానికి గుడ్డ చుట్టి ఉంది.

"కాలికేమైందమ్మా?"

"బూటు కరిచింది. నువ్వు కూచో. బిస్కట్ రొట్టెలున్నాయి, జొన్నపాకం పోసుకో. నేనిప్పుడే తిన్నాను."

"నువ్వు పాకం తిన్నావా?"

"తింటే ఏం? నాకిప్పుడు పథ్యం లేదు."

డెల్ఫా గుడ్డ విప్పింది. వేళ్ళ మొదట పావలా బిళ్ళంత పుండు. అంచులు నల్లబడ్డాయి. వాసన వస్తోంది.

"సూది వేసుకుంటున్నావా?"

"దాంతో పనేంటే ఇంక? రెండో సీసా నడుస్తోంది." లుటీషా గూట్లో ఉన్న టానిక్ వైపు, దాని పక్కనున్న రేడియో వైపు, ఒకే గౌరవంతో చూసింది.

"ఎవరు మానమన్నారు?"

"ఎవరేంటి? మీ రాన్సమే. నువ్వూ అక్కడే ఉంటివి కదా. మేజోళ్ళు కుట్టుకుంటానన్నావు. నవ్వలేక చచ్చాను."

డెల్ఫా గుడ్డ మళ్ళీ చుడుతూ, "అది వేషం అమ్మా," అంది. "జీతం తీసుకుని చేసే వెకిలి. ఆ ఉత్తరంలో సూది మాటే లేదు. రాన్సమ్ కల్పించాడు."

"రేడియోలో అబద్ధం చెబితే గవర్నమెంటు ఊరుకుంటుందా?"

"ఊరుకుంటుంది."

"నీకు ముందునుంచీ ఆయనంటే కుళ్ళు. అన్నం పెట్టే మనిషిని అలా అనకు, కళ్ళు పోతాయి."

"కళ్ళు పోయేది నీకే, ఇలాగే ఉంటే. కనిపిస్తోందా సరిగ్గా?"

"ఎవరికి కావాలి కళ్ళు? వినబడుతోంది చాలు."

మర్నాడు కార్యక్రమం కాగానే డెల్ఫా పిలిస్తే డాక్టర్ కెగ్లీ ఆమెను ఎక్కించుకుని జీపు వేసుకుని వచ్చాడు. పాదం చూశాడు, మూత్రం కాచి చూశాడు. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే పాదం తీసేయాల్సి వస్తుందనీ, అప్పటికి మనిషి ఉంటేనే ఆ మాటనీ దాచకుండా చెప్పాడు. ఆ పూటకు పోట్లాడి ఒక సూది పొడిచాడు.

"మీ సూదులు అమ్ముడుపోవాలి మరి," అంది లుటీషా మర్యాదగా.

వాకిట్లో జీపెక్కుతూ డాక్టరు, "నా మాట వినదు, నీ మాట వినదు," అన్నాడు. "ఎవరి మాట వింటుందో ఆయన పక్కనే కదమ్మా నువ్వు రోజూ నిలబడేది."

మంగళవారం కార్యక్రమం అయ్యాక, స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో రాన్సమ్, పెండర్‌గ్రాస్ గ్రేవీలో బిస్కట్లు ముంచుకు తింటుంటే డెల్ఫా వెళ్ళి ఎదురు కుర్చీలో కూచుంది.

"రాన్సమ్, రేపు నువ్వొక మాట చెప్పాలి. షుగరు ఉన్నవాళ్ళు సూది మానొద్దని. ఒక్క ముక్క."

"మానమని నేనెప్పుడన్నాను?" రాన్సమ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఒకావిడ విసిరేసిందన్నాను. అది ఆవిడిష్టం."

"ఆవిడ విసిరేయలేదు. మా అమ్మ మానేసింది. కాలు కుళ్ళుతోంది."

రాన్సమ్ మొహం జాలిగా పెట్టాడు. ఆ మొహం డెల్ఫాకు బాగా తెలుసు; చనిపోయినవాళ్ళ పేర్లు చెప్పేటప్పుడు పెట్టేది, రేడియోలో ఎవరికీ కనబడదని తెలిసినా. "అయ్యో, లుటీషా వదినా! రేపు ఆవిడ కోసం ఒక భక్తిపాట పాడతాను. పేరు పెట్టి మరీ."

"పాటతో పుండు మానదు."

"పాటతో మానని పుండు లేదు పిల్లా."

పెండర్‌గ్రాస్ మూతి తుడుచుకున్నాడు. "చూడమ్మా, మీ అమ్మగారి సంగతి వింటే నాకూ బాధగానే ఉంది. కానీ మా మందు గురించి చెబుతూ మధ్యలో ఇంకొకడి మందు మానొద్దనడం... వ్యాపారంలో అలా ఉండదు. బిస్కట్ తింటావా?"

"మీరు ఆ టానిక్ తాగుతారా?"

"నాకు జబ్బేం లేదే," అన్నాడు పెండర్‌గ్రాస్.

ఆ సాయంత్రం ఆమె అద్దె గదిలో మంచం మీద కూచుని, చేతిలో ఉన్న ఆయుధాలు ఏమిటో లెక్క చూసుకుంది. రాన్సమ్‌కు చదువు రాదని ఊరంతా చాటవచ్చు. చాటితే ఏమవుతుంది? అయ్యో పాపం, చదువు లేకుండానే ఇంత వాడయ్యాడా అని కళ్ళు తుడుచుకుని, ఇంకో ఇరవై ఆరు దుప్పట్లు పంపుతారు. అది అయ్యే పని కాదు. పైగా బెత్తం కింద నిలబడ్డ ఆ రెండో తరగతి పిల్లవాణ్ణి బజారుకీడవడం ఆమెకు రుచించలేదు. తానే మైకులో సూది గురించి చెప్పవచ్చు. కానీ గుమ్మడి అత్త ఏమన్నా జనం నవ్వుతారు. ఆ నవ్వు సంపాదించడానికి ఆమెకు పదకొండేళ్ళు పట్టింది.

మిగిలింది అతడి గొంతు. దాన్ని ఎలా పలికించాలి?

ఆమె పదకొండేళ్ళ ఉత్తరాలను తలచుకుంది. రాన్సమ్ ఏం వదిలేస్తాడు? డాక్టర్ల పేర్లు, ఫిర్యాదులు, ఇతర వాద్యగాళ్ళ మీద మెచ్చుకోళ్ళు. ఏం కలుపుతాడు? కన్నీళ్ళు, మంచు, కంచెలు, వాళ్ళమ్మ. ఎన్నడూ వదలనిది ఏది? ఎంత వెదికినా ఒకటే జవాబు దొరికింది. తన పేరున్న వాక్యాన్ని రాన్సమ్ ఇంతవరకు ఒక్కసారి కూడా వదలలేదు.

అయితే సూదిని ఆ పేరుకే గుచ్చాలి.

దయ్యాలను, కలలను, పాము గిలకలను నమ్మని డెల్ఫా హిల్టన్ కిరాణా సంచి చింపి, గోధుమరంగు కాగితం మీద, ఎడమచేత్తో వంకర అక్షరాలతో, ఒక కల రాయడం మొదలుపెట్టింది. వంకర రాత పెండర్‌గ్రాస్ కోసం; కాగితం సంచిలో పడ్డాక ఆమె రాతను అతడు గుర్తుపట్టకూడదు. రాసిన ప్రతి వాక్యానికీ ఆమె మొహం చిట్లించింది. అయినా చేయి ఆగలేదు. అబద్ధం రాయడంలో ఆమెకున్న అనుభవం తక్కువదేమీ కాదు. నాలుగు పేజీలు అచ్చులో ఉన్నాయి.

గురువారం పొద్దున్న ఐదింటికి వెనక గదిలో మామూలు ఉత్తరాలు నాలుగు చదివి, ఐదోదిగా దాన్ని తీసింది.

"వైల్డ్‌క్యాట్ ఫోర్క్ నుంచి ఆర్మింటా సైక్స్ అనే విధవరాలు. 'రాన్సమ్ మామయ్యా, నాకు షుగరు. టానిక్ పుచ్చుకుంటూ, ఇంక సూది ఎందుకులే అనుకుని పడుకున్నాను. ఆ రాత్రి రాన్సమ్ మామయ్య నా కలలోకి వచ్చాడు. చేతిలో మాండలిన్ ఉంది. చెల్లెమ్మా, అని రాన్సమ్ మామయ్య అన్నాడు, పొద్దున్నే ముందు సూది, దాని మీద చెంచాడు టానిక్. సూది లేని టానిక్ తీగలు లేని మాండలిన్, అని రాన్సమ్ మామయ్య తన నోటితో అన్నాడు. లేచి అలాగే చేశాను. ఇప్పుడు లేడిపిల్లలా ఉన్నాను.'"

మోకాలి మీద బొటనవేలు ఆగింది.

"మళ్ళీ చదువు."

ఆమె చదివింది.

"సూది ఎందుకొచ్చిందిందులో?" రాన్సమ్ ఒక కన్ను తెరిచాడు. "నువ్వేమైనా గుచ్చావా?"

"నాకు ఇంత బాగా రాయడం వస్తే నీ దగ్గరెందుకుంటాను?" డెల్ఫా కాగితం మడిచేసింది. "నాకూ నచ్చలేదు. మొదటి ముక్క చాల్లే. ఆ కల గొడవ వదిలెయ్. అందులో నీ గొప్ప తప్ప ఇంకేముంది?"

"ఏయ్, ఉండనీ!" అన్నాడు రాన్సమ్. "కలలోకి ఊరికే వస్తారా మనుషులు? ఇన్నాళ్ళకి ఒకావిడ గ్రహించింది." పెదాలు కదిలాయి. "తీగలు లేని మాండలిన్. ఇది నా మాటలాగే ఉంది."

ఐదూ ముప్పావు. ఒకే ఒక్క మైకు, చుట్టూ నలుగురు. పాడేవాడు ముందుకు, మిగతావాళ్ళు వెనక్కు. అద్దం అవతల పెండర్‌గ్రాస్ కాఫీ కప్పుతో నిలబడ్డాడు. ఎనిమిది మైళ్ళ దూరంలో లుటీషా రేడియో దగ్గరికి కుర్చీ జరుపుకుని ఉంటుంది. పక్కన నీళ్ళ బకెట్టు కూడా ఉంటుంది.

రెండు పాటలయ్యాయి. నాలుగు ఉత్తరాలయ్యాయి. కరపత్రం గరగరలాడింది.

"వైల్డ్‌క్యాట్ ఫోర్క్ నుంచి ఒక విధవరాలు రాసింది. కాగితం మీద కన్నీటి చుక్కలున్నాయండీ," అని మొదలుపెట్టాడు రాన్సమ్. సైక్స్ పేరు ఎగిరిపోయింది. ముసలమ్మకు ఇద్దరు అనాథ మనవలు పుట్టుకొచ్చారు. గుడిసె మీద, సెప్టెంబరులోనే, మంచు కురిసింది. డెల్ఫా బేస్ తీగల మీద వేళ్ళు బిగబట్టి వింటోంది. "ఆ రాత్రి ఆ తల్లి కలలోకి ఎవరొచ్చారనుకున్నారు..." అని ఆగి, అతడు ఒక్క నిట్టూర్పు విడిచాడు. "లేదండీ. ఇది నేను చదవలేను. నా గురించి నేనే చదువుకోవడం బాగుండదు. మా అమ్మ నన్నలా పెంచలేదు. ఇదిగో గుమ్మడత్తా, నువ్వు చదువు."

కోడిపిల్లల కరపత్రం డెల్ఫా ముందుకు వచ్చింది.

పదకొండేళ్ళలో ఎన్నడూ ఇలా చేయలేదు. అతడి వినయం సరిగ్గా ఈ పూటే ఊడిపడింది. చదవడం ఆమెకు కష్టం కాదు. ప్రతి అక్షరమూ ఆమెదే. కానీ గుమ్మడి అత్త గొంతులో ఆ మాటలు వస్తే ఎనిమిది మైళ్ళ అవతల ఒక ముసలమ్మ నవ్వలేక చచ్చి, పాకం పోసుకుంటుంది.

"అయ్యో మామయ్యా!" కీచుగా అరిచింది డెల్ఫా. "నాకు చదువెక్కడొచ్చు? అక్షరం ముక్క రాని మొద్దుని! నీకొచ్చు కదా, నువ్వే చదవాలి!"

డెన్వర్ నవ్వాడు. ఫిడేలు మనిషీ నవ్వాడు. రాన్సమ్ ఆమె కళ్ళలోకి చూశాడు. అర క్షణం అతడి మొహంలో రేడియోకు పనికిరాని రంగు ఒకటి కదిలింది. తర్వాత కరపత్రం వెనక్కు తీసుకున్నాడు.

"సరే, మీరంతా బలవంతం చేస్తున్నారు కాబట్టి," అని, గొంతు దించి, కల మొత్తం చెప్పాడు. పొద్దున్నే ముందు సూది అన్నాడు. దాని మీద చెంచాడు టానిక్ అన్నాడు. తీగలు లేని మాండలిన్ అన్నాడు. అక్కడా ఆగలేదు. "నిజమే తల్లీ, నేనే వచ్చాను. షుగరున్న నా అక్కచెల్లెళ్ళందరికీ ఇదే చెబుతున్నాను. మా అమ్మకూ షుగరే. సూది మానేసి పోయింది, పిచ్చి తల్లి. నా చేతుల్లోనే పోయింది."

అతడి తల్లికి షుగరు ఏనాడూ లేదు. ఆ సమయానికి ఆవిడ మంగలి దుకాణం మీది మేడలో మొక్కజొన్న రొట్టె కాలుస్తూ ఈ కార్యక్రమమే వింటూ ఉండి ఉంటుంది. ఇప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయినట్టయింది.

"అయితే మామయ్యా," అంది గుమ్మడి అత్త, "మేజోళ్ళలోంచి ఆ సూది తీసి, మరగబెట్టి, ఇచ్చేయమంటావా?"

"ఇచ్చేయ్ పిల్లా. ఈ పూటే ఇచ్చేయ్."

పాట మొదలైంది. మాండలిన్ పొట్టలో రెండు గింజలు గలగలలాడాయి.

ఆదివారం డెల్ఫా వెళ్ళేసరికి పొయ్యి మీద గిన్నెలో గాజు సిరంజి మరుగుతోంది.

"ఆలస్యంగా వచ్చావు," అంది లుటీషా. "గురువారం నుంచి వేసుకుంటున్నాను. విన్నావా, ఎవరో విధవరాలి కలలోకి వెళ్ళాడట."

"విన్నాను."

"శుక్రవారం రాత్రి నా కలలోకీ వచ్చాడు."

డెల్ఫా కోటు విప్పుతూ ఆగిపోయింది. "ఏమన్నాడు?"

"అదే అన్నాడు. మాండలిన్ కూడా తెచ్చాడు."

ఆ వారం వచ్చిన ఉత్తరాల్లో నలభై మూడింటిలో ఆ కల ఉంది. అలబామా నుంచి ఒకటి వచ్చింది. ఆ స్టేషను అక్కడికి వినబడదు. డెల్ఫా ప్రతిదీ చదివింది. ఒకరు రాన్సమ్ పాదాలు నేలకు ఆనలేదని రాశారు. ఒకరు పాము గిలక మోత విన్నామని ప్రమాణం చేశారు. ఆర్మింటా సైక్స్ తన పెదతల్లి కూతురేననీ, చిన్నప్పటి నుంచీ అబద్ధమాడని మనిషనీ ఒకరు హామీ ఇచ్చారు. పెండర్‌గ్రాస్ వాటిని సంచిలో వేసుకుంటూ, ఇప్పుడు డాక్టర్లు కూడా తమ మందును తప్పు పట్టలేరనీ, ఇది తనకు ముందే తట్టిన ఆలోచననీ చెప్పాడు.

లుటీషా పాదంలో చిటికెన వేలు పోయింది. పాదం నిలిచింది. డాక్టర్ కెగ్లీ గురించి ఆవిడ, "ఆయనా ఏదో చేశాడులే," అంది.

నవంబరులో పాటల పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది. జీవితచరిత్ర ఐదు పేజీలైంది. ఐదో పేజీలో రాన్సమ్ మామయ్య జబ్బుపడ్డవాళ్ళ కలల్లో తిరిగి, సూది ఎప్పుడు వేసుకోవాలో చెబుతాడు. అతడు చెబుతుంటే డెల్ఫా రాసింది. ఒక్క మాట మార్చలేదు గానీ, సూది అన్న మాట ఉన్నచోట దాన్ని రెండుసార్లు వేసింది. లుటీషాకిచ్చిన పుస్తకం మీద రాన్సమ్ సంతకం బదులు ఎప్పటిలాగే చిన్న మాండలిన్ బొమ్మ గీశాడు.

"సంతకం కంటే ఇదే నయం," అంది లుటీషా. కళ్ళు ఇంకా మసకగానే ఉన్నాయి గనక పుస్తకం కూతురి చేతికిచ్చింది. "చదువు."

డెల్ఫా చదివింది. మంచు, గుడిసె, చచ్చిపోయిన మంగలి, పదకొండు ఉంగరాల పాము, చివరికి కల. ముసలమ్మ కళ్ళు మూసుకుని, కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తూ వింది.

"చూశావా," అంది అయ్యాక. "పదకొండేళ్ళు ఆ మహానుభావుడి పక్కన నిలబడ్డావు. ఇలాంటి మంచి మాట ఒక్కటైనా నేర్చుకున్నావా?"

"లేదమ్మా."

డెల్ఫా సిరంజిలోకి మందు గీత దాకా లాగి, కిటికీ వెలుగుకు పట్టుకుని, గాలి బుడగ పోయేదాకా గోటితో తట్టింది.

"కాలు చాపు."

లుటీషా చాపలేదు. "ముందు ఆ కల ముక్క ఇంకోసారి చదువు."

సూది కుడిచేతిలో పట్టుకుని, ఎడమచేత్తో పుస్తకం తెరిచి, డెల్ఫా మళ్ళీ చదివింది. 'పొద్దున్నే ముందు సూది' అన్న చోటికి వచ్చేసరికి ముసలమ్మ తల ఆడించి, గౌను అంచు పైకి లాగి, కాలు చాపింది.